పెళ్లయిన పెట్టె

లారెల్ లోయ, కెంటకీ
ఫిబ్రవరి

డెల్మర్,

నీ వదిన ఓర్లీనా చెబుతుంటే పాస్టరు గారి భార్య ట్విలా రాస్తున్న ఉత్తరమిది. అన్నది అన్నట్టు రాయమన్నాను, కింద సంతకం బదులు గుర్తు నేనే గీస్తాను. తిట్లు మాత్రం తగ్గిస్తానంది. అందుకని ఇందులో ఎక్కడైనా నీకు మెత్తగా తగిలితే అది ట్విలా మాట, నాది కాదు.

ఎన్నిసార్లు చేయించినా నువ్వు ఫోను ఎత్తవు. అన్న పోగానే వదిన గొంతు చేదైందా? ఉత్తరమైతే మోగదు, నీ గుమ్మంలో పడి ఉంటుంది. దాన్ని దాటుకుంటూ ఎన్నాళ్లు తిరుగుతావో చూస్తాను.

విషయానికొస్తాను. పోయిన వేసవి వరదలో వాగు ఇంట్లోకి వచ్చినప్పుడు మీ అన్న ఆర్లిస్ పికప్పును కూడా ఎత్తుకుపోయింది. వంతెన కింద బోర్లా పడేసింది. ఇంజను నిండా బురద. కానీ నువ్వూ మీ అన్నా ఆ ఇంజను లాగే తీరూ పలికే తీరూ మార్చే ట్యూను ఎక్కించడానికి స్టీరింగు కింద గుచ్చేవాళ్లే, ఆ చేతిపెట్టె, అది మాత్రం వంటింటి పై అరలో వంటసోడా డబ్బా వెనక చుక్క నీళ్లు తగలకుండా ఉంది. దొరికిన రోజు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. (ఇది రాయొద్దన్నాను. ట్విలా రాసేసింది.)

మా చెల్లెలి కొడుకు హోబర్ట్ నాకోసం ఇంకో పికప్పు చూసిపెట్టాడు. అదే కంపెనీ, అదే ఏడాది మోడలు, అదే ఇంజను. రంగొక్కటే తేడా. మే నెలలో సమాధుల ఆదివారం వస్తోంది కదా. ఏటా మీ అన్న మన ముసలాళ్లందరినీ, పూలబుట్టల్నీ, వంటగిన్నెల్నీ బండి వెనక ఎక్కించుకుని కొండమీద మనవాళ్ల సమాధుల దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఈ ఏడు మీ అన్న సమాధికి పూలు పెట్టాలి. అందుకని ముందుగా చూద్దామని మొన్న ఆడవాళ్లం నలుగురం ఎక్కాం. సున్నపురాళ్ల మలుపు దగ్గర ఆ కొత్త బండి దగ్గింది, నల్లగా కక్కింది, వెనక్కి జారింది. మీ రొవీనా అక్క దేవుణ్ణి పిలిచింది, తరవాత హోబర్ట్‌ని పిలిచింది, తరవాత దిగి ఆ మోకాళ్లతోనే నడిచింది.

సరే, ఆర్లిస్ ట్యూను ఉండగా భయమెందుకని పెట్టె తెచ్చి గుచ్చాం. తెర మీద ఏదో వచ్చింది. హోబర్ట్ చదివాడు: “పెద్దమ్మా, ఈ పెట్టెకి వేరే బండితో పెళ్లయిపోయిందట.”

నా డెబ్బై తొమ్మిదేళ్లలో డబ్బాకి పెళ్లవడం నేను వినలేదు. ఎవరు చేశారీ పెళ్లి? నన్ను పిలవలేదేం? విడాకులు ఇప్పించు. మే నెలలోపు ఆర్లిస్ ట్యూను ఈ బండిలో ఉండాలి.

నీ వదిన
×

డేటన్, ఒహాయో
మార్చి

వదినా,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తరవాత పైకి నవ్వాను. పెట్టె దొరికినందుకు సంతోషం. రొవీనా అక్క మోకాళ్లు ఎలా ఉన్నాయి?

“పెళ్లి” అన్నది మా పనివాళ్ల భాష. ఒక పెట్టెను ఒక బండికి గుచ్చగానే ఆ బండి నంబరును అది మనసులో పెట్టుకుంటుంది. ఇక వేరే బండిని ముట్టదు. ఒకడు కొని ఊరంతటికీ తిప్పకుండా కంపెనీవాళ్లు పెట్టిన కట్టుబాటు. విడదీయాలంటే మళ్లీ ఆ మొదటి బండికే గుచ్చి, దాని పాత లెక్కలు దానికి అప్పగించి రావాలి. ఆ బండి బురదలో ఉంది. కాబట్టి ఆ పెట్టె ఇక ఎటూ కాదు వదినా. గూట్లో జ్ఞాపకంగా పెట్టుకో.

ఒకవేళ విడిపోయినా లోపలి ట్యూను పనికిరాదు. అది అన్న బండికి కొలత తీసి కుట్టిన చొక్కా. ఇంజను పేరు ఒకటైనా ఒంటితీరు ఒకటి కాదు. హోబర్ట్‌తో చెప్పు, పట్నంలో ఏ దుకాణంలోనైనా బరువులు లాగడానికి రెడీమేడ్ ట్యూను దొరుకుతుంది. అది ఎక్కించుకుంటే కొండ ఎక్కుతుంది.

నా ఫోను పాడైంది. ఉత్తరాలే రాయించు. నాకు ఉత్తరాలే బాగున్నాయి.

నీ మరిది
డెల్మర్

లారెల్ లోయ
మార్చి

డెల్మర్,

రెడీమేడ్ అట! మీ అన్న పెళ్లికి కూడా అరువు కోటు వేసుకోలేదు. ఆయన సమాధి దగ్గరికి అరువు గొంతుతో వెళ్లనా?

పెట్టె సంగతి తేల్చేశాను. ట్విలా చేత ఆ కంపెనీకి ఉత్తరం రాయించాను. ఏమన్నానో విను. “అమ్మాయీ, పెళ్లి అన్న మాట వాడింది మీరు. మాట వాడినవాళ్లు దాని షరతులకీ ఒప్పుకోవాలి. మా చర్చిలో పెళ్లి చేసేటప్పుడు మరణం విడదీసేదాకా అంటారు. బండి చచ్చిపోయింది. శవం వంతెన కింద ఉంది, ఫోటో పంపుతున్నాను. మీ పెట్టె ఇప్పుడు విధవరాలు, నాలాగే. విధవని పట్టుకుని, పోయిన మొగుడి దగ్గరికి వెళ్లి అనుమతి తెచ్చుకో అనే న్యాయం ఏ దేశంలో ఉంది?”

అక్కడి పిల్లెవరో జవాబిచ్చింది. ముందు నాకు సంతాపం చెప్పింది. తరవాత అలాంటి బళ్ల కోసం వేరే దారి ఉందని, పెట్టెను ఇంటర్నెట్టుకి తగిలించమని చెప్పింది. హోబర్ట్ తగిలించాడు. పెట్టెకి బంధం వీడింది. చూశావా? నువ్వు ఎటూ కాదన్నావు. నేను అడిగాను. అంతే తేడా.

అయినా ట్యూను రాలేదు. తెర మీద తాళంకప్ప బొమ్మ పడింది. “ఇది కంపెనీ తాళం కాదు పెద్దమ్మా, డెల్మర్ బాబాయిది” అన్నాడు హోబర్ట్.

ఇప్పుడు చెప్పు. ఎవరిదా ట్యూను?

ఏడాదంతా శనివారాలు మీ ఇద్దరూ ఆ బండిలో కూర్చుని లోయ ఎక్కారు, దిగారు. నువ్వు ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని టకటకలాడించేవాడివి. మీ అన్న కళ్లు మూసుకుని వినేవాడు. “ఇంకా గొణుగుతోందిరా డెల్మర్” అనేవాడు. నువ్వు మళ్లీ నొక్కేవాడివి. చివరికోసారి ఆయన కళ్లు తెరిచి “ఇదిరా” అన్నాడు. నేను వరండాలోంచి చూశాను. ఆ ‘ఇదిరా’ ఎవరిది? నీ వేళ్లదా, ఆయన చెవులదా? ఇద్దరికీ పూటపూటా చిక్కుడుగింజల పులుసూ మొక్కజొన్న రొట్టే పెట్టిన చేతిది ఏమీ లేదా?

మన చర్చిలో పుస్తకం లేదు, పియానో లేదు. పెద్దాయన ఒక చరణం ఎత్తుకుంటాడు, మిగతావాళ్లం అందుకుంటాం. అందుకున్నాక ఆ పాట ఎత్తుకున్నవాడిది మాత్రమేనా? పెద్దాయన పాటకి తాళం వేసుకుని జేబులో పెట్టుకుంటే మేమంతా గుడ్లు మిటకరించి కూర్చోవాలా?

తాళం తియ్యి. (ఇక్కడ నేనింకో మాట అన్నాను. ట్విలా పెన్ను కింద పెట్టేసింది.)

×

డేటన్
ఏప్రిల్

గౌరవనీయులైన ఓర్లీనా గారికి,

మీ ఉత్తరం అందింది. నా పక్షం కూడా చెప్పనివ్వండి.

ట్యూను చేయడం నా వృత్తి. బళ్ల కంపెనీ ఇంజనుకి పెట్టిన లెక్కల్ని గీత గీతగా తిరగరాసింది నేను. అన్న బండి కోసం రాసినదాన్ని అన్న ఉన్నప్పుడే ఒకడు కాజేసి, పైన తన పేరు పెట్టుకుని మూడు ఊళ్లలో అమ్ముకున్నాడు. వాణ్ణి నేను మా ఇంట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టినవాణ్ణి. అప్పటినుంచి నేను చేసిన ప్రతిదానికీ తాళం వేస్తున్నాను. పెట్టె కొన్నవారికి ఆ బండిలో ఆ ట్యూనును వాడుకునే హక్కు ఉంటుంది. ట్యూను మీద హక్కు చేసినవాడిది. ఈ పనిలో ఉన్న ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

అన్న మీద నాకున్న ప్రేమను ఈ విషయంతో తూచవద్దని మనవి. మీరు ఎక్కడ చెప్పుకోదలిస్తే అక్కడ చెప్పుకోవచ్చు. నా నిర్ణయం మారదు.

ఇట్లు
డెల్మర్ స్టిడమ్

లారెల్ లోయ
ఏప్రిల్

ఒరే డెల్మర్,

గారు ఎప్పట్నుంచి? నువ్వు నిక్కర్లేసుకుని మా పెరట్లో కోళ్లని తరిమిన రోజు నుంచా, మా ఆపిల్ పొరల కేకును కిటికీలోంచి లాక్కుపోయిన రోజు నుంచా? ట్విలా నీ ఉత్తరం చదువుతుంటే ఎవరో వకీలు రాశాడనుకున్నాను. కింద నీ పేరు విని రెండోసారి చదివించాను.

మొదటిసారి కోపమొచ్చింది. నిన్ను ఏమేం అన్నానో రొవీనాని అడుగు, ట్విలాని అడగకు. రెండోసారి విన్నాక వేరే సంగతి తట్టింది. అది రాయించడానికి నాలుగు రోజులు ఆగాను.

ఆర్లిస్‌ని పూడ్చిన రోజు. పెద్దాయన చరణం ఎత్తుకున్నాడు, అందరం అందుకున్నాం, పాట అయిపోయింది, అందరం ఆపేశాం. నువ్వు ఆపలేదు. తల వంచుకుని ఒక్కడివే ఆ కొండమీద పాడుతూనే ఉన్నావు. రొవీనా వచ్చి నీ చెయ్యి పట్టుకునేదాకా. దుఃఖం అనుకున్నాం అందరం. నేనూ అదే అనుకున్నాను.

ఫోను పాడైందన్నావు. ఏ ఫోనైనా ఇన్ని నెలలు పాడై ఉంటుందా? నీకు ఉత్తరాలే బాగున్నాయన్నావు. చిన్నప్పుడు సొంత పేరు రాయమంటే ఏడ్చినవాడివి నువ్వు.

నీకు వినపడదు. అవునా డెల్మర్?

జవాబు చెప్పే ముందు నా సంగతి కూడా చెబుతాను, ఒకరి గుట్టు ఒకరి దగ్గర ఉంటే సమానం. ముసలాళ్లని కొండ ఎక్కించాలన్నాను. నిజమే. కానీ అది ఒక్కటే అయితే రెడీమేడ్ ట్యూను చాలు, ఆ మాత్రం నాకూ తెలుసు. మీ అన్న బండి సాయంత్రం చర్చి మలుపు తిరగ్గానే నాకు వినపడేది. అప్పుడు లేచి పొయ్యి మీద ఇనపపెనం పెట్టేదాన్ని. ఆ మలుపు నుంచి మా గుమ్మం చేరేసరికి పెనం సరిగ్గా కాలేది, పిండి పోసేదాన్ని. గడియారం చూసిందే లేదు. నాకు గడియారం చదవడమూ రాదు, ఆ బండిని చదవడం వచ్చు. ఇప్పుడు పెనం ఎప్పుడు పెట్టాలో తెలియడం లేదు. కాలకముందే పోస్తున్నాను, లేకపోతే మాడిపోతోంది. ఆ మలుపులో ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలి. అంతే నాకు కావలసింది.

ట్విలా ఏడుస్తోంది. ఆమె ఏడిస్తే అక్షరాలు పాడవుతాయట. ఆపుతున్నాను.

×

డేటన్
ఏప్రిల్

వదినా,

అవును.

కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు రేకులు అచ్చుగుద్దే మిషన్ల పక్కన నిలబడ్డాను. కుడి చెవి ముందు పోయింది. ఎడమది అన్న పోయిన ఏడు పోయింది. చెవుల్లో పెట్టుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే పక్కింటి కుక్కా, ఇంజనూ, మా ఇంట్లో ఊడ్చే మిషనూ ఒకేలా రేకుడబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు వినిపిస్తాయి. తీసి బల్లమీద పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. చెవిటి ట్యూనరు అని తెలిస్తే నా దగ్గరికి ఎవరొస్తారు? నిజానికి ఇప్పుడూ ఎవరూ రావడం లేదు. నేనే రానివ్వడం లేదు.

దొంగల కోసం తాళం వేశానని రాశాను. అది సగం. తాళం తీయడం నాకు నిమిషం పని. తీశాక ఆ ట్యూను ఈ కొత్త ఇంజనుకి సరిపోయేలా అక్కడక్కడా మార్చాలి. అంకెలు నాకు కనిపిస్తాయి వదినా. ఇంజను ఆరోగ్యంగా ఉందో లేదో అంకెలు చెబుతాయి. అది అన్న బండిలా ఉందో లేదో చెప్పవు. అది అన్న చెప్పేవాడు. “గొణుగుతోంది” అనేవాడు, “తేనెపట్టులా ఉంది” అనేవాడు, “దీని నవ్వు బాలేదురా” అనేవాడు. ఆ మాటలు పట్టుకుని నేను అంకెలు మార్చేవాణ్ణి. ఇప్పుడు మారిస్తే, మిగిలింది అన్నదో కాదో నాకు తెలియదు. పాడుచేసినా తెలియదు. అందుకే తాళం కింద అలాగే ఉండనిచ్చాను. కనీసం లోపల అది సరిగ్గా ఉందన్న ధైర్యం ఉంటుంది కదా.

గారు అన్నందుకు క్షమించు. భయపడితే నాకు గారు వస్తుంది.

డెల్మర్

లారెల్ లోయ
ఏప్రిల్

డెల్మర్,

ఇంతేనా? నాకు అక్షరం రాదు, నేను ఉత్తరాలు రాయడం లేదా?

కంప్యూటరు సర్దుకుని రా. నీ పక్కన కళ్లు మూసుకుని కూర్చుని విన్నది మీ అన్న, వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ విన్నది నేను. ఆయనకి లోపలి గొంతు తెలుసు, నాకు దూరంనుంచి వచ్చే గొంతు తెలుసు. రెంటికీ పెద్ద తేడా ఉండదులే. నువ్వు నొక్కు, నేను వింటాను. బాగోకపోతే భుజం మీద చరుస్తాను. బాగుంటే నొక్కి పట్టుకుంటాను. అరిచే పని లేదు.

అడవి ఉల్లికాడలు వచ్చాయి. గుడ్లలో వేయించి పెడతాను. ముందుగదిలో మంచం వేయించాను. ఎలుకల గురించి హోబర్ట్ ఏదైనా అంటే నమ్మకు.

×

డేటన్
జూన్

వదినా,

క్షేమంగా చేరాను. కేకు దారిలోనే అయిపోయింది. భుజం ఇంకా నల్లగా ఉంది. బాగోలేదని చెప్పడానికి అంత బలం అక్కర్లేదని చివరిరోజు దాకా చెబుతూనే ఉన్నాను, నీకూ వినపడదేమో అనుకున్నాను.

నీతో అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తాను. ఆదివారం పొద్దున నువ్వు బండి ఎక్కలేదు. ట్విలాతో ముందే నడిచి వెళ్లిపోయావు. నాకు కోపమొచ్చింది. చివరి మార్పు నేను చేసినప్పుడు నువ్వు భుజం పట్టుకున్న మాట నిజమే. కానీ అది ఖాళీ బండి. ముసలాళ్లతో, గిన్నెలతో కొండ ఎక్కుతుంటే ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు పక్కన లేరు. ఏ చెయ్యీ లేక డాష్‌బోర్డు మీద నా చెయ్యి పెట్టి నడిపాను. వణుకు తెలిసింది. చప్పుడు తెలియలేదు.

సున్నపురాళ్ల మలుపు దగ్గర అద్దంలో చూశాను. రొవీనా అక్క, ఆ వెనక ఐదుగురు, ఎప్పట్లాగే అందరి నోళ్లూ ఒకేసారి ఆడుతున్నాయి. మలుపు తిరిగి నేను కాలు నొక్కాను. అన్ని నోళ్లూ ఆగిపోయాయి. రొవీనా అక్క నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. భయపడ్డారనుకున్నాను. బండి జారుతోందేమో, నాకు తెలియడం లేదేమో అనుకున్నాను. కానీ చెట్లు వెనక్కి వెళ్తూనే ఉన్నాయి.

పైకి వచ్చి దిగాను. నువ్వు నా వైపు చూడనైనా లేదు. అన్న సమాధికి అవతల మూడు రాళ్ల మధ్య మంట, మంట మీద ఆ నల్ల పెనం, చేతిలో పిండిగిన్నె. నేను దగ్గరికి వచ్చేసరికి పెనంలో కొవ్వు పొగలు కక్కుతోంది. అప్పుడు పిండి పోశావు. ఎప్పుడు పెట్టావు వదినా ఆ పెనం? నేను అడగలేదు. అడగక్కర్లేదు. నాకు వినపడనిది నేను చూశాను.

దీంతోపాటు కంప్యూటరుకి గుచ్చే పెన్‌డ్రైవు, గోరంత పుల్ల ఒకటి పంపుతున్నాను. అందులో ట్యూను ఉంది. తాళం తీసేశాను. ఎవరికి ఇచ్చుకుంటావో, ఊరంతటికీ పంచుతావో నీ ఇష్టం. నువ్వు పాట గురించి అడిగినదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకని ఇచ్చేస్తున్నాను.

డెల్మర్

లారెల్ లోయ
జూలై

డెల్మర్,

పుల్ల అందింది. వంటసోడా డబ్బా వెనక పెట్టాను. తాళాల గురించి నేను మార్చిలో అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ట్విలా నవ్వుతోంది, నవ్వనీ.

ఏమైందంటే, ఆ ఆదివారం తరవాత లోయంతా మా గుమ్మం ముందే ఉంది. మొదట హోబర్ట్. “పెద్దమ్మా, నా బండికి కూడా ఎక్కించుకుంటాను.” వాడి బండి ఇంజనే వేరు. తరవాత మిల్లు దగ్గరి కుర్రాడు, బండి చక్రాలు నా నడుమంత ఎత్తు ఉన్నవాడు, చర్చి ముందు పొగ కక్కించి ఆడపిల్లల్ని దగ్గిస్తాడే వాడు. “అవ్వా, ఆర్లిస్ తాత ట్యూనట కదా, కొంచెం ఇవ్వవూ?” అన్నాడు. కొంచెమట! చారులో ఉప్పా? “ఏం చేసుకుంటావురా?” అంటే “పందేలకి” అన్నాడు. చీపురు ఎక్కడుందో వెతుక్కునేలోపు వెళ్లిపోయాడు.

అందుకని నువ్వు తాళం ఎందుకు వేశావో నాకు అర్థమైంది. అడిగిన ప్రతివాడికీ ఒక ప్రశ్న వేస్తున్నాను, వెనక ఎవర్ని ఎక్కించుకుంటావు అని. ఇప్పటిదాకా సరైన జవాబు ఒక్కడు చెప్పలేదు. బండి నాతోనే ఉంది. రోజూ సాయంత్రం హోబర్ట్ పనినుంచి వచ్చాక దాన్ని చర్చి మలుపు దాకా తీసుకెళ్లి తిప్పుకొస్తున్నాడు. రొట్టె మాడడం లేదు.

నిన్న వాడికి విసుగొచ్చింది. “ఇంతకీ ఎవరిది పెద్దమ్మా అది? డెల్మర్ బాబాయి నీకిచ్చేశానన్నాడు. నువ్వేమో ఆయనదంటావు, ఒకసారి పెదనాన్నదంటావు. ఎవర్నడగాలి నేను?” అన్నాడు.

“ఒక చచ్చినాయన, ఒక చెవిటాయన, ఒక చదువురాని ముసలిది. ముగ్గురి సంతకాలూ పట్రా, ఇస్తాను” అన్నాను.

వాడు కాగితం తెచ్చాడు. మొండివాడు, నా చెల్లెలి పోలిక. అది దీంతోపాటే పంపుతున్నాను. నా వంతు పెట్టేశాను. నువ్వు నీది పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం, తొందరేం లేదు. మూడోది వచ్చే మే నెలలో మనిద్దరం కొండమీదికి వెళ్లి అడుగుదాం. ముందే వచ్చెయ్యి. ఉల్లికాడలకి.

×